ఒక్క బిట్టు చెప్పే మాటకు ఇన్ని దారులెందుకు: లినక్స్ కెర్నల్‌లో పెద్ద పేజీల సరళీకరణ

ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వరులో 32 జీబీ షేర్డ్ మెమరీ ఉందనుకుందాం. 500 కనెక్షన్లు తెరిచి ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షనుకు ఒక్కో ప్రాసెస్‌ను కేటాయిస్తుంది కాబట్టి 500 ప్రాసెస్‌లూ అదే 32 జీబీని వాడుకుంటాయి. మెమరీని పేజీలు అనే ముక్కలుగా విభజించి వాడతారు. డేటా ఒక్కటే, కానీ అది ఎక్కడుందో చెప్పే పేజీ పట్టికలు మాత్రం ఏ ప్రాసెస్‌కు ఆ ప్రాసెస్‌వే. 4 కేబీ పేజీల లెక్కన 32 జీబీకి 83,88,608 ఎంట్రీలు కావాలి. ఎంట్రీకి 8 బైట్లు, అంటే ప్రాసెస్‌కు 64 ఎంబీ. ప్రతి ప్రాసెస్ మొత్తం మెమరీని ఒకసారి తడిమి చూసిందంటే 500 ప్రాసెస్‌లకు కలిపి పట్టికలే 31 జీబీ దాటుతాయి. డేటాకు ఎంత చోటు పట్టిందో, దాని ఆచూకీ రాసుకోవడానికీ దాదాపు అంతే చోటు పోయిందన్నమాట.

అదే మెమరీని 2 ఎంబీ పేజీలుగా చూపిస్తే ప్రాసెస్‌కు 16,384 ఎంట్రీలు చాలు, అంటే 128 కేబీ. 500 ప్రాసెస్‌లకు కలిపినా 63 ఎంబీ లోపే. ఇంత లాభం కళ్లెదుట ఉన్నా లినక్స్ కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగానికి) పెద్ద పేజీలు ఇరవై ఏళ్లకు పైగా తలనొప్పిగానే ఉన్నాయి. హార్డ్‌వేర్ వైపు చిక్కేమీ లేదు. చిక్కంతా కెర్నల్ కోడ్‌లోనే పెరిగింది. దాన్ని విప్పే పని కొన్నేళ్లుగా గట్టిగా సాగుతోంది.

ముందు హార్డ్‌వేర్ సంగతి చూడాలి. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో మామూలుగా వర్చువల్ చిరునామాకు, అంటే ప్రోగ్రాముకు కనిపించే మెమరీ చిరునామాకు, 48 బిట్లు వాడతారు. అందులో చివరి 12 బిట్లు పేజీ లోపలి స్థానాన్ని చెబుతాయి. మిగిలిన 36 బిట్లు తొమ్మిదేసి చొప్పున నాలుగు భాగాలవుతాయి. ఒక్కో భాగం ఒక్కో స్థాయి పట్టికలో 512 ఎంట్రీలలో ఒకదాన్ని ఎంచుతుంది. భూమి రికార్డుల్లో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు అని వరుసగా దిగినట్టే ఇక్కడా నాలుగు మెట్లు దిగితే అసలు పేజీ దొరుకుతుంది. ఊరు ఊరంతా ఒకే పట్టాదారు పేరున ఉంటే గ్రామం వరుసలోనే ఆ పేరు రాసేయవచ్చు, సర్వే నంబర్ల పుస్తకం తెరవనక్కరలేదు. పెద్ద పేజీ అంటే సరిగ్గా ఇదే. మూడో స్థాయిలో ఆగిపోతే 2 ఎంబీ పేజీ, రెండో స్థాయిలోనే ఆగితే 1 జీబీ పేజీ.

ఆగాలా, ఇంకా దిగాలా అన్నది ప్రాసెసర్‌కు చెప్పేది ఒకే ఒక బిట్టు. ఎంట్రీలో సున్నా నుంచి లెక్కపెడితే 7వ బిట్టు. అది 1 అయితే ఇదే చివరి ఎంట్రీ, ఇందులో ఉన్నది నేరుగా మెమరీ చిరునామా. 0 అయితే కింద ఇంకో పట్టిక ఉంది. ఆ మెమరీ ఎవరిది, ఏ ఫైలుది, ఏ పద్ధతిలో కేటాయించారు అన్నవి ప్రాసెసర్‌కు అనవసరం.

లాభం పట్టికల్లో చోటు మిగలడంతోనే అయిపోదు. చిరునామా కావాల్సిన ప్రతిసారీ నాలుగు మెట్లు దిగడం భారం కాబట్టి, దిగి కనుక్కున్న ఫలితాలను ప్రాసెసర్ టీఎల్‌బీ అనే చిన్న నిల్వలో దాచుకుంటుంది. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో రెండో అంచె టీఎల్‌బీకి 1,536 ఎంట్రీలే. 4 కేబీ పేజీలతో అది నిండితే కవరయ్యేది 6 ఎంబీ. 2 ఎంబీ పేజీలతో నిండితే 3 జీబీ. పదుల జీబీల డేటాతో పనిచేసే ప్రోగ్రాముకు ఈ తేడా ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక కెర్నల్ వైపు. లినక్స్ ఈ స్థాయిలకు పీజీడీ, పీ4డీ, పీయూడీ, పీఎండీ, పీటీఈ అని పేర్లు పెట్టుకుంది. ఐదు స్థాయిలు లేని యంత్రాల్లో ఒకటో రెండో ఉత్తుత్తివిగా మడిచేస్తుంది. 2 ఎంబీ పేజీ పీఎండీ దగ్గర, 1 జీబీ పేజీ పీయూడీ దగ్గర తగులుతుంది. పెద్ద పేజీలు కెర్నల్‌లోకి మొదట వచ్చింది హ్యూజ్‌టీఎల్‌బీ అనే ఏర్పాటుగా. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నల్‌లో అది ఉంది. నిర్వాహకుడు ముందే ఇన్ని పెద్ద పేజీలు కావాలని పక్కన పెట్టాలి, ప్రోగ్రాము వాటిని ప్రత్యేకంగా అడిగి తీసుకోవాలి. అప్పట్లో దాన్ని కోరింది ముఖ్యంగా పెద్ద డేటాబేస్‌లు. మామూలు మెమరీ కోడ్‌ను కదిలించకుండా ఒక పక్కగా కట్టడమే ఆనాటికి క్షేమం అనిపించింది. అందుకే పేజీ ఫాల్టుకు (పట్టికలో ఇంకా లేని పేజీని ముట్టుకున్నప్పుడు జరిగే పనికి) వేరే దారి, కాపీకి వేరే దారి, పట్టికలు చదవడానికి వేరే దారి ఏర్పడ్డాయి.

2011 మార్చిలో వచ్చిన 2.6.38తో రెండో ఏర్పాటు చేరింది. ఆండ్రియా ఆర్కాంజెలి రూపొందించిన ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు, పొట్టిగా టీహెచ్‌పీ. ఇందులో ప్రోగ్రాము ఏమీ అడగనక్కరలేదు. వీలైనచోట కెర్నల్ తనే 2 ఎంబీ పేజీ ఇస్తుంది, లేదా చిన్న పేజీలను తీరిగ్గా పోగుచేసి పెద్దదిగా మారుస్తుంది. అవసరమైతే మళ్లీ ముక్కలు చేస్తుంది. ఆలోచన మంచిదే, అయినా చాలాకాలం దానికి చెడ్డపేరు వచ్చింది. రెడిస్ అనే డేటాబేస్ స్నాప్‌షాట్ తీసేటప్పుడు ఫోర్క్ చేసి, అంటే తనకు నకలుగా, పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. అప్పటికి పేజీలు రెండిటికీ ఉమ్మడే. ఆ తర్వాత తల్లి ప్రాసెస్ ఒక్క బైటు రాసినా ఆ పేజీని కాపీ చేయాలి. 4 కేబీ కాపీ అయ్యేచోట 2 ఎంబీ కాపీ అంటే 512 రెట్లు. అందుకే రెడిస్, మొంగోడీబీ వంటివి టీహెచ్‌పీని ఆపేయమని ఏళ్ల తరబడి సలహా ఇచ్చాయి. మెమరీ కేటాయించే లైబ్రరీని కొత్తగా మార్చుకున్నాక, 8.0 వెర్షన్ నుంచి మొంగోడీబీ ఆ సలహాను తిరగేసి టీహెచ్‌పీని వాడమంటోంది.

వేగం సంగతి అలా ఉంచితే, అంతకంటే లోతైన నష్టం ఇంకొకటి ఉంది. హార్డ్‌వేర్‌లో ఒకే బిట్టు చెప్పే సంగతికి కెర్నల్‌లో రెండు, కొన్నిచోట్ల మూడు, నాలుగు దారులు పడ్డాయి. ఒక దారిలో దిద్దిన తప్పు మరో దారిలో మిగిలిపోతుంది. దీనికి 2017లో తేలిన ఉదంతం కన్నా మంచి ఉదాహరణ దొరకదు. వివరంగా చూడదగ్గది కూడా.

2016 అక్టోబరులో డర్టీ కౌ అనే భద్రతా లోపం బయటపడింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులోకి మామూలు యూజరు రాయగలిగే లోపమది. 2007 నుంచీ కెర్నల్‌లో ఉంది. ప్రైవేటుగా మ్యాప్ చేసుకున్న (తన చిరునామాల్లోకి తెచ్చుకున్న) పేజీలోకి బలవంతంగా రాయమంటే కెర్నల్ ముందు ఆ పేజీకి సొంత కాపీ తీస్తుంది. కాపీ తీసిన తర్వాత, రాయడానికి ముందు ఉన్న ఆ సందులో ఇంకో థ్రెడ్ ఆ కాపీని పారేయిస్తే, కెర్నల్ గమనించక అసలు పేజీలోకే రాసేది. దీనికి చేసిన మరమ్మతు ఇది: కాపీ నిజంగా జరిగిందా అన్నదానికి గుర్తుగా పీటీఈలోని డర్టీ బిట్టును, అంటే పేజీలో రాత జరిగిందని చెప్పే బిట్టును, చూడాలి. అది ఉంటేనే రాయనివ్వాలి. కాపీ జరగకుండా ఆ బిట్టు పడదన్నది ఇక్కడి నమ్మకం. మామూలు పేజీల దారిలో ఆ నమ్మకం నిజం కూడా.

పెద్ద పేజీల దారి వేరు కాబట్టి అదే తర్కాన్ని పీఎండీ కోసం కొన్ని నెలల తర్వాత, 2017 మొదట్లో విడిగా రాశారు. చూడ్డానికి అచ్చు నకలే. కానీ ఆ దారిలో టచ్_పీఎండీ అనే చిన్న ఫంక్షన్ ఉంది. ఎవరైనా పేజీని ముట్టుకున్నారని గుర్తుపెట్టడం దాని పని. చదవడానికి ముట్టుకున్నా సరే, అది డర్టీ బిట్టును కూడా పెట్టేసేది. మామూలు పేజీల దారిలో దీనికి సమానమైన చోట పీటీఈలో ఆ బిట్టును ఎవరూ ముట్టుకోరు. దాంతో కాపీ జరగకుండానే గుర్తు పడింది. చదవడానికే పరిమితమైన పెద్ద పేజీల్లోకి, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే సున్నాల పెద్ద పేజీలోకి, సీలు వేసిన షేర్డ్ మెమరీ ఫైళ్లలోకి రాసే వీలు కలిగింది. 2017 నవంబరులో ఇది హ్యూజ్ డర్టీ కౌ పేరుతో వెల్లడైంది. దిద్దుబాటు సులువే: రాస్తున్నప్పుడు తప్ప ఆ బిట్టు పెట్టొద్దు. అక్కడ ఎవరి తెలివితక్కువతనమూ లేదు. ఒకే నియమాన్ని రెండుచోట్ల విడివిడిగా నిలబెట్టాల్సి రావడమే మూలం.

దారులు చీలిపోయినప్పుడు ప్రశ్నలూ చీలిపోతాయి. ఒక పీఎండీ ఎంట్రీ పెద్ద పేజీదా కాదా అని అడగడానికి కెర్నల్‌లో 2024 దాకా పీఎండీ_హ్యూజ్, పీఎండీ_లార్జ్, పీఎండీ_లీఫ్, పీఎండీ_ట్రాన్స్_హ్యూజ్, పీఎండీ_డెవ్‌మ్యాప్ అని ఇన్ని ఫంక్షన్లు ఉండేవి. వీటిలో పీఎండీ_హ్యూజ్ హ్యూజ్‌టీఎల్‌బీ కోసం పుట్టింది. ఆ సదుపాయం లేకుండా కెర్నల్‌ను కంపైల్ చేస్తే అది ఎప్పుడూ కాదనే చెబుతుంది, ఎదురుగా టీహెచ్‌పీ ఎంట్రీ ఉన్నా సరే. ఇంకా చిత్రం, ఇంటెల్ తరహా యంత్రాల్లో అది మెమరీలో లేని ఎంట్రీకి కూడా, పాడైపోయిందనో వేరేచోటికి తరలుతోందనో గుర్తు వేసిన ఎంట్రీకి కూడా, అవునని చెప్పేది. ఇంకో ఆర్కిటెక్చర్‌లో (ప్రాసెసర్ రకంలో) అదే పేరుకు అర్థం వేరుగా ఉండేది. కోడ్ చదివేవారికి పేరు చూసి అర్థం చెప్పుకునే వీలే లేదు.

రెడ్‌హ్యాట్‌లో పనిచేసిన పీటర్ షూ 2024లో పీఎండీ_హ్యూజ్‌ను, పీఎండీ_లార్జ్‌ను కెర్నల్ అంతటా తీసేసి వాటి స్థానంలో పీఎండీ_లీఫ్‌ను నిలబెట్టారు. పీయూడీ స్థాయిలోనూ అంతే. లీఫ్ అంటే ఇదే చివరి ఎంట్రీ, దీని కింద పట్టిక లేదు. అంతకుమించి ఆ పేరులో ఏమీ లేదు. ప్రాసెసర్ 7వ బిట్టును చూసి అడిగే ప్రశ్న కూడా అదే. ఇది పేర్ల మార్పిడిలా కనిపిస్తుంది గానీ మార్పు ప్రశ్నలోనే ఉంది. ఈ ఎంట్రీ ఎవరిది అని అడగడం మానేసి, ఈ ఎంట్రీ ఇక్కడ ఆగిందా అని అడగడం మొదలైంది.

ఈ పని ఇంత పట్టుదలగా సాగడానికి ముందు ఒక తిరస్కరణ ఉంది. వర్చువల్ యంత్రాన్ని నడుస్తుండగానే ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు తరలించే పద్ధతుల్లో ఒకటి పోస్ట్‌కాపీ. యంత్రాన్ని ముందే కొత్తచోట నడిపించేసి, అది ఏ పేజీని అడిగితే ఆ పేజీని అప్పటికప్పుడు తెప్పిస్తారు. దాని మెమరీ 1 జీబీ పేజీలతో ఉంటే ఒక్క బైటు కోసం 1 జీబీ మొత్తం రావాలి. సెకనుకు 100 గిగాబిట్ల నెట్‌వర్కు మీద కూడా అందుకు సుమారు 86 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ పేజీని అడిగిన వర్చువల్ ప్రాసెసర్ అంతసేపూ ఆగిపోవాల్సిందే. హ్యూజ్‌టీఎల్‌బీ పేజీని తాత్కాలికంగా 4 కేబీ ముక్కలుగా మ్యాప్ చేయనివ్వాలని గూగుల్‌కు చెందిన జేమ్స్ హౌటన్ 2022, 2023లలో ప్రతిపాదించారు. అవసరం అందరికీ అర్థమైంది. కానీ ఇప్పటికే పక్కదారిగా ఉన్న హ్యూజ్‌టీఎల్‌బీలో ఇంకో పక్కదారి తవ్వడానికి కెర్నల్ మెమరీ డెవలపర్లు ఒప్పుకోలేదు. ముందు ఉన్నదాన్ని ప్రధాన దారిలో కలపాలన్నారు. ఆ నిర్ణయం కఠినమైనదే, ఎందుకంటే నిజమైన అవసరం ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఆగాల్సి వచ్చింది. అయినా అదే సరైనదని తర్వాత జరిగిన పని చూపించింది.

2023, 2024లలో యూజరు పేజీలను పట్టుకునే కోడ్, కెర్నల్ డెవలపర్లు గప్ అని పిలిచేది, హ్యూజ్‌టీఎల్‌బీ కోసం ఉంచుకున్న ప్రత్యేక శాఖను విడిచిపెట్టి మామూలు పట్టికల నడకలోనే దాన్నీ కలుపుకుంది. పవర్‌పీసీ ప్రాసెసర్ల కోడ్‌లో హ్యూజ్‌పీడీ అనే మూడో రకం ఎంట్రీ ఉండేది. అది లీఫూ కాదు, మామూలు పట్టికా కాదు, వేరే కొలతల పట్టికకు దారి చూపేది. ఒక్క ఆర్కిటెక్చర్ కోసం ఉమ్మడి కోడ్ అంతా దాన్ని గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. క్రిస్టోఫ్ లెరోయ్ 2024లో పవర్‌పీసీ పెద్ద పేజీలను మామూలు పట్టికల రూపంలోకి తెచ్చి హ్యూజ్‌పీడీని పూర్తిగా తొలగించారు. ఇలాంటి పనికి పేరు రాదు. యూజరుకు కొత్తగా కనిపించేదీ ఉండదు. కానీ తర్వాతి ప్రతి మార్పూ దీనివల్లే చవకవుతుంది.

చవకైందనడానికి రుజువు 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నల్‌లోనే ఉంది. జీపీయూ కార్డును వర్చువల్ యంత్రానికి అప్పగించేటప్పుడు కార్డులోని మెమరీని ప్రోగ్రాము చిరునామాల్లోకి మ్యాప్ చేయాలి. అది ర్యామ్ కాదు కాబట్టి దానికి కెర్నల్ దగ్గర పేజీల చిట్టా (పేజీ పేజీకీ రాసుకునే వివరాలు) ఉండదు. అందుకే అప్పటిదాకా ఈ దారిలో 4 కేబీ ఎంట్రీలే గతి. 64 జీబీ ప్రాంతానికి 1,67,77,216 ఎంట్రీలు ఒక్కొక్కటిగా నింపాలి. పట్టికలకే 128 ఎంబీ. మొదటిసారి ముట్టుకున్నప్పుడు ఆ నింపుడు అయ్యేదాకా వేచి ఉండాలి. 6.12లో చేరిన హ్యూజ్ పీఎఫ్‌ఎన్‌మ్యాప్ సదుపాయంతో అదే ప్రాంతం 1 జీబీ లీఫులతో 64 ఎంట్రీలవుతుంది. పట్టికలను నడిచే ఉమ్మడి కోడ్ ఎంట్రీ లీఫా కాదా అన్నది మాత్రమే చూసే స్థితికి వచ్చాక, పేజీల చిట్టా లేని ఎంట్రీ ఇది అని చెప్పే గుర్తును పీఎండీ, పీయూడీలకు కూడా ఇస్తే సరిపోయింది. పాత పద్ధతిలో అయితే ఇది ఇంకో పేరుతో ఇంకో దారి అయ్యేదని ఊహించడం కష్టం కాదు.

సరళీకరణకు ఇంకో కొస కూడా ఉంది. ఇప్పటిదాకా చెప్పింది పట్టికల ఆకారం గురించి. ఆ ఎంట్రీ చూపే మెమరీని కెర్నల్ ఎలా తలచుకుంటుందన్నది రెండోది. పెద్ద పేజీని కెర్నల్ చిన్న పేజీల దండగానే చూసేది, మొదటిది తల, మిగతావి తోకలు. ఏ ఫంక్షన్‌కు తల ఇవ్వాలో, దేనికి తోక ఇచ్చినా ఫర్వాలేదో ప్రతిచోటా వెతికి చూడాల్సిందే. మాథ్యూ విల్‌కాక్స్ తెచ్చిన ఫోలియో, 2022 జనవరిలో వెలువడిన 5.16 నుంచి, ఆ సందేహాన్ని టైపుతోనే తీర్చేసింది. ఫోలియో ఎప్పుడూ తోక కాదు. 2023లో చేరిన సెట్_పీటీఈస్ ఫంక్షన్ ఒక అడుగు ముందుకేసింది: వరుసగా ఉన్న ఇన్ని పేజీలను మ్యాప్ చేయమని ఉమ్మడి కోడ్ ఒక్కసారే చెబుతుంది, ఎలా రాయాలన్నది ఆర్కిటెక్చర్ చూసుకుంటుంది. ఆర్మ్‌కు చెందిన రయాన్ రాబర్ట్స్ దీన్ని అందుకుని, 64 కేబీ వంటి మధ్యస్థ పరిమాణాల టీహెచ్‌పీని 6.8లో, 16 వరుస ఎంట్రీలకు ఆర్మ్ ప్రాసెసర్ల కంటిగ్యువస్ బిట్టు పెట్టి ఒకే టీఎల్‌బీ ఎంట్రీగా మార్చే ఏర్పాటును 6.9లో చేర్చారు. ఆ బిట్టు ఒకటుందని ఉమ్మడి కోడ్‌కు తెలియనే తెలియదు. 2 ఎంబీ మరీ పెద్దదై, 4 కేబీ మరీ చిన్నదైన ఫోన్లలో ఈ మధ్య పరిమాణమే అక్కరకొస్తుంది.

హ్యూజ్‌టీఎల్‌బీని మొత్తంగా తీసేయవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. అంత తేలిక కాదు. ముందే పక్కన పెట్టిన మెమరీ కచ్చితంగా దొరుకుతుందన్న భరోసా దానిదే. ఒకే 1 జీబీ ప్రాంతాన్ని మ్యాప్ చేసిన ప్రాసెస్‌ల మధ్య పీఎండీ పట్టికనే ఉమ్మడిగా వాడుకునే వీలు కూడా దానికే ఉంది, పైన చెప్పిన 500 ప్రాసెస్‌ల సర్వరుకు అది ఇంకా లాభం. మరొకటి, ప్రతి 4 కేబీ పేజీకీ కెర్నల్ 64 బైట్ల చిట్టా ఉంచుతుంది. 1 టీబీ సర్వరులో ఆ చిట్టాలే 16 జీబీ. 5.14 నుంచి హ్యూజ్‌టీఎల్‌బీ ఆ చిట్టాలో పునరుక్తమైన భాగాన్ని వెనక్కి ఇచ్చేయగలదు: 1 జీబీ పేజీకి చిట్టా 4,096 పేజీలు పడితే, ఆ తర్వాతి మెరుగుదలతో అందులో 4,095 తిరిగొస్తాయి. వేలాది సర్వర్లు నడిపేవారికి ఇది వదులుకునే మొత్తం కాదు.

కాబట్టి మిగిలిన పని దాని సదుపాయాలను ఉంచుతూ దాని దారిని కలపడం. 6.12 నాటికి కూడా పట్టికలను నడిచే కోడ్‌లో పీటీఈకి ఒక కాల్‌బ్యాక్ (ఆ ఎంట్రీ తగిలినప్పుడు పిలిచే ఫంక్షన్), పీఎండీకి ఒకటి, పీయూడీకి ఒకటి ఉండగా, వాటి పక్కనే హ్యూజ్‌టీఎల్‌బీకి వేరే కాల్‌బ్యాక్ ఉంది. ఒక ప్రాసెస్ ఎంత మెమరీ వాడుతోందో స్మ్యాప్స్ ఫైలులో చూపించే కోడ్ ఆ లెక్కను రెండు ఫంక్షన్లలో రెండు రకాలుగా కడుతోంది. వీటన్నిటికీ కారణం, హ్యూజ్‌టీఎల్‌బీ ఏ స్థాయి ఎంట్రీనైనా పీటీఈ తొడుగు తొడిగే చూస్తుంది. స్థాయి ఏదో ఆ తొడుగు వెనక దాగిపోతుంది. 2023లో ఆర్మ్ యంత్రాల్లో దీని ఫలితం కనిపించింది. పాడైపోయిన పెద్ద పేజీ స్థానంలో గుర్తు ఎంట్రీ రాయబోతే, అది ఎంత పెద్దదో తెలియక ఆర్కిటెక్చర్ కోడ్ ఆ ఎంట్రీ నుంచే పరిమాణం రాబట్టాలని చూసి కెర్నల్‌ను కూల్చేసింది. దిద్దుబాటుగా సెట్_హ్యూజ్_పీటీఈ_ఎట్ ఫంక్షన్‌కు పరిమాణాన్ని అదనపు ఆర్గ్యుమెంటుగా చేర్చారు, దాన్ని పిలిచే ప్రతిచోటా ఆ అంకెను అందించేలా మార్చారు. పీఎండీని పీఎండీగానే, పీయూడీని పీయూడీగానే పట్టుకునే రోజు వచ్చేదాకా ఆ ఆర్గ్యుమెంటు అక్కడ ఉండాల్సిందే.